అక్షరాలు, అంకెల ఆట

అక్షరాలు, అంకెల ఆట అనునది రెండు ప్రక్రియలు గల పోటీ. మొదటిది, యాదృచ్ఛికంగా వచ్చిన అక్షరాలతో సాధ్యమైనంత పొడవైన పదాన్ని కూర్చుట. రెండవది, యాదృచ్ఛికంగా వచ్చిన సంఖ్యలతో ఒక నిర్దేశిత సంఖ్యను సాధించుట. ఇది 1965లో ఫ్రాన్సు దేశపు టెలివిజన్‌లో పదాల ఆటగా మొదలై, 1972లో అంకెలను కూడా చేర్చుకొని, తరువాత బ్రిటన్, ఆస్ట్రేలియా మొదలగు దేశాలకు వ్యాపించింది.

సాధారణమైన క్విజ్ కార్యక్రమంలో జవాబు ముందే తెలిసినవారు చెబుతారు, తెలియనివారు వింటారు. ఈ ఆటలో అట్లు కాదు. పోటీదారుకు కనిపించే అక్షరాలు, సంఖ్యలే ఇంటివద్ద చూచేవారికీ కనిపిస్తాయి. ఇద్దరికీ ఉన్న వ్యవధి కూడా ఒక్కటే. కనుక కాగితము, పెన్సిలు దగ్గర ఉన్న ప్రతి ప్రేక్షకుడూ పోటీదారే. ఈ ఆట అనేక దశాబ్దాలు నిలిచి ఉండుటకు ఇది ఒక ముఖ్య కారణం.

చరిత్ర

ఫ్రెంచి నిర్మాత అర్మాన్ జామో ఈ ఆటకు మూలపురుషుడు. ఆయన 1965లో "అన్నిటికన్న పొడవైన పదం" అనే అర్థం గల పేరుతో అక్షరాల పోటీని ప్రారంభించాడు. 1972లో దీనికి అంకెల వంతును జోడించి "దే షిఫ్ర్ ఎ దే లెత్ర్", అనగా "అంకెలు, అక్షరాలు" అని పేరు మార్చారు. ఈ ఫ్రెంచి కార్యక్రమం 2024లో ముగిసింది.

బ్రిటన్‌లో ఇదే ఆట "కౌంట్‌డౌన్" అనే పేరుతో 1982 నవంబరు 2న ఛానల్ 4లో మొదలైంది. ఆ ఛానల్ ప్రసారాలు ఆ రోజే ప్రారంభమైనవి, అందులో వచ్చిన మొట్టమొదటి కార్యక్రమం ఇదే. రిచర్డ్ వైట్లీ 2005లో మరణించే వరకు దీనికి వ్యాఖ్యాతగా ఉన్నాడు. అంకెల వంతులో లెక్కలు సరిచూచే బాధ్యతను 2008 వరకు కారల్ వోర్డర్‌మన్, 2009 నుండి రేచల్ రైలీ నిర్వహించారు. నిఘంటువు చూచి పదం చెల్లునో చెల్లదో చెప్పే స్థానంలో సూసీ డెంట్ 1992 నుండి కనిపిస్తూ వచ్చింది.

ఆస్ట్రేలియాలో ఎస్.బి.ఎస్. సంస్థ "లెటర్స్ అండ్ నంబర్స్" అనే పేరుతో 2010 ఆగస్టు నుండి 2012 వరకు దీనిని ప్రసారం చేసింది. రిచర్డ్ మోర్‌క్రాఫ్ట్ వ్యాఖ్యాత. లిలీ సెర్నా అంకెలను, గళ్ళ నుడికట్ల కూర్పరి డేవిడ్ ఆస్టిల్ పదాలను చూచేవారు. 2021లో ప్రముఖులు పాల్గొనే మరొక రూపంలో ఇది తిరిగి వచ్చింది.

అక్షరాల వంతు

బ్రిటిష్ పద్ధతిలో అచ్చుల అక్షరాలు ఒక దొంతరగా, హల్లుల అక్షరాలు మరొక దొంతరగా బోర్లించి ఉంటాయి. పోటీదారు ఏ దొంతర నుండి కావలెనో చెబుతూ పోగా తొమ్మిది అక్షరాలు వస్తాయి. వీటిలో కనీసం మూడు అచ్చులు, నాలుగు హల్లులు ఉండవలెను. 30 సెకన్లలో పదం కూర్చవలెను. వచ్చిన ప్రతి అక్షరాన్ని ఒకేసారి వాడవలెను. వ్యక్తుల పేర్లు, ఊర్ల పేర్లు చెల్లవు. అక్షరానికి ఒక గుణము (పాయింటు) చొప్పున ఇస్తారు. తొమ్మిదీ వాడినవారికి మాత్రం 18 లభిస్తాయి. ఇద్దరిలో పొడవైన పదం చెప్పినవారికే గుణాలు, సమానమైతే ఇద్దరికీ.

ఉదాహరణకు పీ, ఓ, సీ, ఈ, టీ, హెచ్, ఏ, ఎస్, ఆర్ అనే ఆంగ్లాక్షరాలు వచ్చినవి అనుకొందాము. తొలిచూపులో "టీచ్" అనే ఐదక్షరాల పదం దొరుకుతుంది. సీ, హెచ్ జంటగాను, ఈ, ఆర్ జంటగాను వచ్చే పదాలను తలచుకొంటే "చాప్టర్" అనే ఏడక్షరాల పదం తడుతుంది. చివర ఎస్ చేర్చి బహువచనం చేస్తే "చాప్టర్స్", ఎనిమిది అక్షరాలు. అక్షరాలను ఒక్కొక్కటిగా కాక, తరచుగా కలిసి వచ్చే జంటలుగా చూచుట ఇందులోని కిటుకు.

పోటీ చివర వచ్చే వంతులో తారుమారు చేసిన తొమ్మిదక్షరాల పదం ఒకటి ఇస్తారు. దానిని ముందుగా గుర్తించినవారికి 10 గుణాలు. ఒకే అక్షరాల నుండి రెండు పదాలు వచ్చుట కూడా కలదు. "ఎడ్యుకేషన్" అనే ఆంగ్లపదంలోని తొమ్మిది అక్షరాలనే వరుస మార్చి వ్రాస్తే "వేలం వేయబడిన" అనే అర్థం గల "ఆక్షన్డ్" అనే పదం వస్తుంది.

అంకెల వంతు

దీనికి 24 బిళ్ళలు వాడతారు. 1 నుండి 10 వరకు గల సంఖ్యలు రెండేసి చొప్పున 20 చిన్న బిళ్ళలు, 25, 50, 75, 100 ఒక్కొక్కటి చొప్పున 4 పెద్ద బిళ్ళలు. వీటి నుండి ఆరింటిని తీస్తారు. పెద్దవి ఎన్ని కావలెనో పోటీదారే చెప్పవచ్చును. ఇట్లు ఏర్పడగల వేర్వేరు సముదాయాలు మొత్తం 13,243. పిదప ఒక యంత్రం మూడంకెల లక్ష్యాన్ని చూపుతుంది.

కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం మాత్రమే చేయవచ్చును. ఒక బిళ్ళను ఒకేసారి వాడవలెను, అన్నిటినీ వాడనవసరం లేదు. మధ్యలో భిన్నాలు గాని, ఋణసంఖ్యలు గాని రాకూడదు. లక్ష్యాన్ని సరిగా చేరినవారికి 10 గుణాలు. ఎవరూ సరిగా చేరనిచో దగ్గరగా వచ్చినవారికి, తేడా 5 లోపు ఉంటే 7, 10 లోపు ఉంటే 5 గుణాలు ఇస్తారు.

ఉదాహరణ: బిళ్ళలు 50, 10, 8, 7, 6, 3. లక్ష్యం 431.

మొదట లక్ష్యానికి దగ్గరి గుండ్రని సంఖ్యను చేరుకోవలెను. 50 × 8 = 400. ఇంకా 31 కావలెను. 10 × 3 = 30 కలిపితే 430. ఒకటే తేడా. ఇక్కడ ఆగినా 7 గుణాలకు అవకాశం కలదు. మిగిలిన సంఖ్యలను మరల చూస్తే 7 × 3 = 21, దానికి 10 కలిపితే 31. కనుక 400 + 31 = 431.

వేరొక మార్గం కూడా ఉన్నది. 50 + 10 = 60, 60 × 7 = 420, 420 + 8 + 3 = 431. రెండూ సరియైనవే.

ఒక ప్రసిద్ధ సమాధానం

1997లో కౌంట్‌డౌన్‌లో 100, 75, 50, 25, 6, 3 అనే బిళ్ళలు, 952 అనే లక్ష్యం వచ్చినవి. ఒక పోటీదారు చెప్పిన సమాధానం ఇది.

100 + 6 = 106
106 × 3 = 318
318 × 75 = 23,850
23,850 − 50 = 23,800
23,800 ÷ 25 = 952

మూడంకెల లక్ష్యం కొరకు ఇరవై మూడు వేలు దాటి వెళ్ళి తిరిగి వచ్చుట చూచేవారికి అద్భుతంగా తోచింది. అయితే దీని లోపల ఉన్నది తేలికైన లెక్కయే. చివర 25తో భాగించుట వలన 75 కాస్తా 3గాను, 50 కాస్తా 2గాను పనిచేసినవి. అనగా ఇది 318 × 3 − 2 అనే లెక్కకు సమానం. 954లో 2 తీసివేస్తే 952. బిళ్ళలలో లేని 2ను, రెండవ 3ను పెద్ద బిళ్ళల నుండి పుట్టించుటయే ఇక్కడి చమత్కారం. కారణాంకాలు చదువుకొన్న విద్యార్థికి ఇది అందని విషయం కాదు.

కంప్యూటరు శాస్త్రంలో

ఈ అంకెల వంతు కంప్యూటరు శాస్త్రంలోనూ పాఠ్యాంశమైనది. గ్రాహం హటన్ 2002లో "జర్నల్ ఆఫ్ ఫంక్షనల్ ప్రోగ్రామింగ్" అనే పత్రికలో ప్రచురించిన వ్యాసంలో 1, 3, 7, 10, 25, 50 అనే సంఖ్యలను ఉదాహరణగా తీసికొన్నాడు. వీటితో వ్రాయగల సమాసాలు 3,36,65,406. వాటిలో నియమాలకు లోబడినవి 46,72,540. లక్ష్యం 765 అయితే 780 సమాధానాలు కలవు. వాటిలో ఒకటి (1 + 50) × (25 − 10). అవే సంఖ్యలతో లక్ష్యం 831 అయితే ఒక్క సమాధానం కూడా లేదు.

యంత్రం అన్ని సమాసాలనూ పరీక్షించగలదు. మనిషికి 30 సెకన్లలో పట్టుమని పది మార్గాలు చూచుట కూడా కష్టం. కనుక ఏ మార్గాన్ని విడిచిపెట్టవలెనో త్వరగా గ్రహించుటయే ఆటగాని నేర్పు. 831 లక్ష్యంగా ఉన్నపుడు (10 + 1) × 3 = 33, 33 × 25 = 825, 825 + 7 = 832 అని ఒకటి తేడాతో ఆగినవాడు ఓడినవాడు కాదు. అంతకన్న దగ్గరగా ఎవరూ రాలేరు.

బోధనలో ఉపయోగం

సాధారణంగా తరగతి గదిలో లెక్కకు జవాబు సరియైనదైనా కావలెను, తప్పైనా కావలెను. ఒకటి తేడాతో తప్పినవానికీ, ప్రయత్నమే చేయనివానికీ తుదకు సున్నయే. లెక్కలంటే భయం కలుగుటకు ఇది ఒక కారణం. ఈ ఆటలో దగ్గరగా వచ్చినవానికి కూడా విలువ ఉన్నది. ఒకే లక్ష్యానికి పలు మార్గాలుండుట వలన పక్కవాని కాగితం చూచుటకు బదులు, పక్కవాని మార్గం ఏమిటో వినవలెననే ఆసక్తి కలుగుతుంది. ఎక్కాలు, కారణాంకాలు, ఉజ్జాయింపు లెక్కలు వీటన్నిటికీ ఇది మంచి సాధన.

ఇంటివద్ద ఆడుటకు 24 అట్టముక్కలు చాలును. లక్ష్యం కొరకు పెద్ద నిఘంటువును కళ్ళు మూసికొని తెరచి, వచ్చిన మూడంకెల పుటసంఖ్యను తీసికొనవచ్చును. పిల్లలకు 30 సెకన్లకు బదులు రెండు నిమిషాల వ్యవధి ఇచ్చుట మేలు. గడువు ముగియగానే అందరూ పెన్సిళ్ళు క్రింద పెట్టి, తాము చేరిన సంఖ్యను ముందు చెప్పి, తరువాత మార్గాన్ని వివరించవలెను.

తెలుగులో

అంకెల వంతును ఏ భాషవారైనా యథాతథంగా ఆడవచ్చును. అక్షరాల వంతు అట్లు కాదు. తెలుగులో అచ్చులు సాధారణంగా పదం మొదటనే విడిగా కనిపిస్తాయి. తక్కిన చోట్ల గుణింతపు గుర్తులుగా హల్లులో కలిసిపోతాయి. కనుక అచ్చులను, హల్లులను వేరువేరుగా తీసే ఆంగ్ల పద్ధతి తెలుగుకు పొసగదు. హల్లులను మాత్రమే తీసి, గుణింతాన్ని, సున్నను స్వేచ్ఛగా విడిచిపెట్టి, ఒక్కొక్క హల్లును ఒకేసారి వాడవలెనని నియమం పెట్టుకొంటే ఆట సాగుతుంది.

ఉదాహరణకు క, త, న, ప, మ, ర, ల, వ, స వచ్చినవి అనుకొందాము. "నవల", "కవిత" మూడేసి హల్లులు. "కవనము" నాలుగు. "వర్తమానం" ఐదు, ఇందులో ర్త అనే సంయుక్తాక్షరానికి ర, త రెండూ ఖర్చవుతాయి. "సమకాలీనత" ఆరు. "పరివర్తన" చెల్లదు, ర రెండుసార్లు వచ్చినది.

తెలుగువారికి అక్షరాలతో ఆడే సంప్రదాయం కొత్తది కాదు. అవధానంలోని వ్యస్తాక్షరి అనే అంశంలో పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, ఎన్నవ అక్షరమో చెబుతూ, ఒక్కొక్కటిగా అందిస్తాడు. అవధాని వాటిని గుర్తుంచుకొని చివరకు వాక్యాన్ని వరుసగా చెప్పవలెను. అక్కడ ప్రధానమైనది ధారణ. అక్షరాలు, అంకెల ఆటలో అన్నీ కంటి ఎదుటనే ఉంటాయి. వాటిలో దాగిన పదాన్ని, లెక్కను చూడగలుగుటయే ఇక్కడ ప్రధానం.