విగ్గు లేని బారిస్టరు

బారిస్టరనగానే మనవాళ్ళ కళ్ళముందు ఒకే బొమ్మ మెదులుతుంది. ప్రకాశం పంతులుగారు మద్రాసు హైకోర్టులో సంపాదించిన తీరూ, మొక్కపాటివారి పార్వతీశం ఓడెక్కిన వైనమూ కలిసి, బారిస్టరంటే తెల్లవిగ్గు పెట్టుకుని పౌండ్లు లెక్కపెట్టుకునే పెద్ద వకీలని మనకు ఖాయమైపోయింది. లీగల్ ఎయిడ్ అంటే దీనికి సరిగ్గా వ్యతిరేకమైన నమ్మకం: గతిలేనివాడికి అనుభవం లేని కుర్ర లాయరును అంటగట్టి చేతులు దులుపుకోవడమని. ఇంగ్లండులో లీగల్ ఎయిడ్ కేసులు చేసే ఛాంబర్స్‌లో, అంటే బారిస్టర్లు కలిసి నడుపుకునే ఆఫీసులో, కొత్త బారిస్టరు ఎలా తయారవుతారో చూస్తే ఈ రెండు నమ్మకాలూ నిలవవు. అక్కడ పేదవాడికి కొత్త లాయరు దొరకడం వల్ల వచ్చే నష్టం కంటే, ఆ కొత్త లాయరు పని నేర్చుకున్నాక అక్కడ ఉండలేక వెళ్ళిపోవడం వల్ల వచ్చే నష్టమే పెద్దది.

ఇంగ్లండులో సొలిసిటరు కక్షిదారు వ్యవహారమంతా చూస్తారు, కోర్టులో వాదించడం ప్రధానంగా బారిస్టరు పని. మన దగ్గర 1961 నాటి అడ్వకేట్స్ చట్టం అందరినీ అడ్వకేట్లనే ఒక్క వరసలో నిలబెట్టింది. లండన్‌లో ఇన్‌లనే నాలుగు బారిస్టర్ల సంఘాల్లో ఒకదాంట్లో చేరి, పదివేల పౌండ్లు దాటే ఫీజు కట్టి బార్ కోర్సు పాసైనా పని మొదలుకాదు. ఏదైనా ఛాంబర్స్‌లో పన్నెండు నెలల ప్యూపిలేజ్ దొరకాలి. పాసైనవాళ్ళు ఎక్కువ, సీట్లు బాగా తక్కువ. ఈ ఏడాదిని మన గవర్నమెంటు ఆస్పత్రిలో హౌస్ సర్జన్ చేసే ఏడాదితో పోల్చవచ్చు. చదువు అయిపోయింది, చేతికి పని ఇంకా రాలేదు. ఒక సీనియర్ వెంట ఉండి చూస్తూ, చేస్తూ నేర్చుకోవాలి.

మొదటి ఆరు నెలలూ కోర్టులో నోరు విప్పే అధికారం ఉండదు. సూపర్‌వైజరు చదివే కట్టలే చదవాలి, ఆయన రాయాల్సిన వాదనను ముందు తాను రాసి చూపించాలి, అందులో ఏ వాక్యం కొట్టేశారో, ఎందుకు కొట్టేశారో గమనించాలి. దీనికి తోడు వాదనా శిక్షణ ఉంటుంది. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ విద్య నేర్పడానికైనా పనికొచ్చే పద్ధతి అది. ఆస్ట్రేలియా జడ్జి జార్జ్ హాంపెల్ పేరుమీద ప్రసిద్ధమైంది. కొత్త బారిస్టరు ఒక సాక్షిని క్రాస్ చేస్తూ, "ఆ చీకట్లో మీరు అతన్ని ఎలా గుర్తుపట్టారు?" అని అడిగిందనుకోండి. శిక్షకుడు పది లోపాలు ఏకరువు పెట్టడు. ఒక్క లోపం పేరు చెబుతాడు. ఆమె అడిగిన ప్రశ్ననే అక్షరం మారకుండా తిరిగి వినిపిస్తాడు. "ఎలా" అని అడిగితే సాక్షికి కథ చెప్పుకునే అవకాశం మనమే ఇచ్చినట్టని కారణం చెబుతాడు. అవునో కాదో తప్ప మరో జవాబుకు చోటులేని ప్రశ్నలుగా విడగొట్టమంటాడు. తనే చేసి చూపిస్తాడు: "వీధిదీపం వెలగడం లేదు, అవునా? మీరు రోడ్డుకు అవతలి వైపున ఉన్నారు, అవునా?" చివరికి ఆమె చేత మళ్ళీ అడిగిస్తాడు. తిట్టి నేర్పడానికీ ఇలా నేర్పడానికీ ఎంత తేడా ఉందో విద్యార్థికి వెంటనే తెలుస్తుంది.

రెండో ఆరు నెలల్లో సొంత కేసులు వస్తాయి. సాయంత్రం ఛాంబర్స్ క్లర్కు కబురు చేస్తాడు: రేపు పొద్దున థేమ్స్ మెజిస్ట్రేట్స్ కోర్టు, ముద్దాయి కస్టడీలో ఉన్నాడు, బెయిలు అడగాలి. మెజిస్ట్రేట్ కోర్టులో విగ్గు పెట్టుకోరు. బెంచి మీద చాలాసార్లు కూర్చునేది లా చదవని మామూలు పౌరులు. కోర్టు కింద సెల్‌లో రాత్రంతా నిద్రలేని మనిషితో మాట్లాడటానికి దొరికేది కొద్ది నిమిషాలు. 1976 బెయిల్ చట్టం ప్రకారం బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి. మళ్ళీ హాజరు కాడనో, మరో నేరం చేస్తాడనో, సాక్షుల జోలికి వెళ్తాడనో గట్టిగా నమ్మడానికి ఆధారాలుంటేనే ప్రధానంగా కాదనాలి. పాత కేసులో ఒకసారి వాయిదాకు రాలేదని ప్రాసిక్యూటరు కాగితం చూపిస్తాడు. అప్పుడు పనికొచ్చేది చట్టం సెక్షన్ నంబరు కాదు. ఆ వాయిదా రోజున ఎక్కడున్నావు, ఆస్పత్రిలో అయితే ఆ కాగితం ఎవరి దగ్గరుంది, ఈ రాత్రి ఏ ఇంట్లో పడుకుంటావు, ఆ ఇంటావిడ ఫోన్ ఎత్తుతుందా — ఈ ప్రశ్నలు సెల్‌లోనే అడిగి ఉండాలి. అక్క ఇంటి అడ్రసు, రాత్రిపూట గడప దాటకుండా కాలికి ట్యాగు, వారానికి మూడుసార్లు పోలీస్ స్టేషన్లో సంతకం అని షరతులు తానే పేర్చి బెంచి ముందు పెడితే, ఆ మనిషి సాయంత్రానికి ఇంటికి చేరవచ్చు. పెట్టలేకపోతే ఉద్యోగం, అద్దె ఇల్లు రెండూ పోవచ్చు.

అంటే పేదవాడి మీద ప్రయోగాలు చేసి నేర్చుకుంటున్నారన్నమాట అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ హౌస్ సర్జన్‌ను చూసి గవర్నమెంటు ఆస్పత్రి మూసేయమని ఎవరూ అనరు, పైన డ్యూటీ డాక్టరు ఉన్నాడా అని అడుగుతాం. ప్యూపిల్‌కు కూడా ఫోన్‌లో సూపర్‌వైజరు ఉంటాడు. ఈ పోలిక ఒకచోట కుదరదన్న మాటా నిజం: పక్క గదిలో సీనియర్ లేడు, బెంచి ముందు నిలబడేది ఆమె ఒక్కతే. అందుకే మొదటి ఆరు నెలల మౌనం అంత ముఖ్యం. ఇంకో తేడా అంతకంటే పెద్దది. హౌస్ సర్జన్ స్టైపెండు ప్రభుత్వం ఇస్తుంది. ప్యూపిల్‌కు ఇచ్చే డబ్బు ఆ ఛాంబర్స్‌లోని మిగతా బారిస్టర్లు తమ సంపాదన నుంచి వేసుకునే చందా. ఆ సంపాదన చాలావరకు లీగల్ ఎయిడ్ ఫీజే. కాబట్టి ఫీజు కోసినప్పుడు మొదట కోతపడేది వచ్చే ఏటి శిక్షణకు. మెజిస్ట్రేట్ కోర్టులోనైతే సొలిసిటరుకు వచ్చే ఫీజులోంచే బారిస్టరుకూ ఇవ్వాలి, చాలాసార్లు అది వంద పౌండ్లకు లోపే.

ఇది ఊహ కాదు. 2003కు ముందు జీతం లేకుండానే ప్యూపిలేజ్ చేయించుకునే వీలుండేది, అంటే ఇంట్లో డబ్బున్నవాళ్ళకే ఆ దారి. ఏడాదికి కనీసం 10,000 పౌండ్లు ఇవ్వాలన్న నియమం 2003లో వచ్చాక మామూలు ఇళ్ళ పిల్లలకు కాస్త దారి తెరుచుకుంది. పదేళ్ళకే, 2013 ఏప్రిల్‌లో, విడాకులు, పిల్లల కస్టడీ, సంక్షేమ భృతి కేసులు చాలావరకు లీగల్ ఎయిడ్ నుంచి తొలగించారు. అదే ఏడాది పేరుమోసిన టూక్స్ ఛాంబర్స్, ఈ కోతలే కారణమని చెప్పి మూతపడింది. 2022లో క్రిమినల్ బారిస్టర్లు కోర్టులు మానేసినప్పుడు, తొలి మూడేళ్ళ జూనియర్ల మధ్యస్థ ఆదాయం ఏడాదికి 12,200 పౌండ్లని వాళ్ళ సంఘం చెప్పింది. 15 శాతం పెంపు ఒప్పుకున్నాక అక్టోబరులో సమ్మె విరమించారు.

వ్యాపార కేసుల బారిస్టర్లు లక్షల పౌండ్లు సంపాదిస్తున్నారు కదా, పన్ను కట్టేవాళ్ళెందుకు భరించాలి అంటారు. కానీ ఛాంబర్స్‌లో పనిచేసే ప్రతి బారిస్టరూ స్వయం ఉపాధి మనిషే. కంపెనీ కేసుల ఛాంబర్స్‌లో పండిన డబ్బు క్రిమినల్ ఛాంబర్స్‌లోకి పారదు. లాయరు దొరక్క విచారణ వాయిదా పడితే ఆ ఖర్చు ఎలాగూ పన్ను కట్టేవాళ్ళ మీదే పడుతుంది. 2024 చివరికి తీవ్రమైన నేరాలు విచారించే క్రౌన్ కోర్టుల్లో పెండింగు కేసులు 70 వేలు దాటాయి. కోవిడ్, కోర్టు పనిదినాల కొరత కూడా కారణాలే, అయితే వాదించేవాళ్ళు తగ్గడమూ అందులో ఉంది.

మన దగ్గర ఉచిత న్యాయసహాయం 1976లో 39-ఎ అధికరణంగా రాజ్యాంగంలోకి, 1987లో చట్టంగా వచ్చింది. చాలాకాలం ప్యానెల్ లాయర్ల మీదే నడిచింది. జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) 2022లో తెచ్చిన డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంటు ఒకే ఆఫీసులో కూర్చుంటారు, నెలనెలా గౌరవ వేతనం తీసుకుంటారు, బయటి కేసులు పట్టకూడదు. కొత్త లాయరు పక్కన సీనియర్‌ను కూర్చోబెట్టిన ఏర్పాటు ఇది. జిల్లా కోర్టుల్లో దీన్ని అంచనా వేసేటప్పుడు చేపట్టిన కేసులు, గెలిచిన కేసులతో పాటు ఇంకో లెక్క కూడా అడగాలి: అసిస్టెంటుగా చేరినవాళ్ళలో ఎంతమంది డిప్యూటీ అయ్యేదాకా నిలిచారు, వెళ్ళిపోయినవాళ్ళు ఏ జీతం చూసి వెళ్ళారు అని.