పాతబస్తీ మండీలో గొర్రెకు రేటుంది.. దాని ఉన్నికే లేదు! నల్ల గొంగడి ఎందుకు కనుమరుగవుతోంది?

పాతబస్తీకి గొర్రె కొత్త కాదు. పురానాపూల్ దగ్గర జియాగూడ మండీకి పొద్దున్నే వెళ్తే చాలు.. జిల్లాల నుంచి వచ్చిన బండ్లలోంచి జీవాలు దిగుతుంటాయి, బేరాలు నడుస్తుంటాయి. కొనేవాళ్లు గొర్రె నడుం మీద చెయ్యి వేసి నొక్కి చూస్తారు. మాంసం ఎంత పడుతుందో ఆ చేతికే తెలిసిపోతుంది. బక్రీద్ టైమ్‌లో అయితే పళ్లు చూస్తారు, కుంటుతోందేమో నడిపించి చూస్తారు. ఇంత పరీక్షగా చూసే బేరంలో ఒక్క మాట మాత్రం వినపడదు. దీని ఒంటిమీద ఉన్ని ఎంత అని!

అసలు మన గొర్రెకు ఉన్ని ఉంటుందన్న సంగతే సిటీలో చాలామందికి తెలియదు. ఉన్ని అంటే కశ్మీర్, లూథియానా గుర్తొస్తాయి. కానీ రాజకీయ సభల్లో నాయకుడి భుజాన నల్ల గొంగడి కప్పి, చేతికి గొర్రెపిల్లను అందించే సీన్ టీవీలో అందరూ చూసిందే. గద్దర్ భుజం మీద కనిపించిందీ అదే గొంగడి. అది ఇక్కడి గొర్రె ఉన్నితో, ఇక్కడి ఊళ్లలో నేసిన బట్ట.

ఆ గొర్రె పేరు దక్కనీ

తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటకల్లో పెరిగే ఈ జాతిలో ఎక్కువ భాగం నల్లగానే ఉంటాయి. ముక్కు కాస్త వంపు తిరిగి ఉంటుంది, చెవులు కిందికి వాలి ఉంటాయి. రోజూ కిలోమీటర్ల కొద్దీ నడుస్తుంది, ఎండిన గడ్డితోనూ సర్దుకుపోతుంది. మెరుగైన మేత దొరకని పాలమూరు, పాత మెదక్ నేలల్లో కాపరులు దీన్ని తరతరాలుగా నమ్ముకున్నది అందుకే.

ఉన్ని విషయానికొస్తే.. ఒక్కో గొర్రెకు ఏడాదికి అర కిలో అటూ ఇటూగానే వస్తుంది. అదీ గరుకు ఉన్ని. మెత్తటి స్వెటర్లకు వాడే మెరీనో ఉన్ని పోగు మందం 20 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటే, దక్కనీ పోగు దానికి రెట్టింపు పైనే. అంటే స్వెటర్ చేస్తే ఒళ్లంతా గుచ్చుకుంటుంది. ఆరుబయట కప్పుకునే గొంగడికి మాత్రం ఆ గరుకుదనమే బలం.

గొంగడి ఊరికే తయారవదు

కాపరులు సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఉన్ని తీస్తారు. ముందు మందను చెరువులోనో కుంటలోనో దింపి కడుగుతారు. ఒళ్లు ఆరాక కాళ్లు కట్టి పడుకోబెట్టి, పెద్ద కత్తెరతో ఒంటి వెంట గొరుక్కుంటూ పోతారు. చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే గొర్రెకు గీత కూడా పడదు. తీసిన ఉన్నిని రంగుల వారీగా వేరుచేసి, ఏకి, నూలు వడుకుతారు. వడకడం ఎక్కువగా కురుమ ఆడవాళ్ల పని, నేయడం మగవాళ్ల పని. మగ్గం ఎక్కించే ముందు పడుగుకు చింతగింజల గంజి పెడతారు. పోగు గట్టిపడేది దానితోనే. నల్ల రంగుకు అద్దకం ఏమీ ఉండదు, గొర్రె రంగే గొంగడి రంగు.

రెండున్నర కిలోల గొంగడి అనుకుంటే, ఒక్క కత్తిరింపులో దాదాపు పది గొర్రెల ఉన్ని దానికే సరిపోతుంది. ఆపైన వడకడానికి, నేయడానికి రోజుల తరబడి పని. అందుకే అసలైన గొంగడి చవగ్గా రాదు.

కాపరికి అది దుప్పటి ఒక్కటే కాదు. వానొస్తే తలమీదుగా కొప్పెర వేసుకుంటాడు, రాత్రి మంద దగ్గర కింద పరుచుకుంటాడు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. నిప్పురవ్వ పడినా భగ్గుమని అంటుకోదు. చలిమంట పక్కన పడుకునే మనిషికి అది చిన్న సంగతి కాదు. బీరప్ప కొలుపుల్లోనూ గొంగడి ఉండాల్సిందే. 1946 జులై 4న కడవెండిలో ప్రాణమిచ్చిన దొడ్డి కొమరయ్యదీ ఈ కురుమ కుటుంబమే.

మరి ఎందుకు తగ్గిపోతోంది?

జవాబు మళ్లీ మండీలోనే ఉంది. అక్కడ డబ్బులొచ్చేది బరువుకు. నెల్లూరు జాతి గొర్రె ఎత్తుగా, బరువుగా పెరుగుతుంది. దానికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. గొరిగే పనీ లేదు, ఖర్చూ లేదు. దీంతో చాలామంది కాపరులు నల్ల మందలోకి నెల్లూరు పొట్టేలును దింపారు. పొట్టేలు మారితే కొన్నేళ్లలోనే మంద రూపం మారిపోతుంది. పుట్టే పిల్లలకు ఉన్ని పల్చబడుతూ వస్తుంది.

2017 జూన్ 20న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకం లెక్క కూడా చూడాలి. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్.. 75 శాతం సబ్సిడీ. జీవాలను పక్క రాష్ట్రాల నుంచి తెచ్చారు. 2012లో 1.28 కోట్లున్న గొర్రెలు 2019 పశుగణనలో 1.91 కోట్లకు చేరి తెలంగాణ దేశంలోనే ఫస్ట్ ప్లేస్‌లో నిలిచింది. సంఖ్య చూస్తే ఘనమే. ఆ పెరుగుదల ఉన్ని కోసం వచ్చింది కాదు, మాంసం కోసం వచ్చింది.

ఇంకోవైపు మిల్లు దుప్పట్లు. మదీనా, పత్తర్‌గట్టి దుకాణాల్లో తక్కువ ధరకే మెత్తటి కంబళి దొరుకుతుంటే గరుకు గొంగడి అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఉన్ని అమ్మితే వచ్చేదానికన్నా గొరిగినందుకు ఇచ్చే కూలే ఎక్కువవుతోందన్నది కాపరుల గోడు. అలాగని గొరగకుండా వదిలేయలేరు. ఉన్ని ఉండలు కట్టి, పిడుదులు పట్టి జీవం చిక్కిపోతుంది. అందుకే తీసిన ఉన్నిని కొన్నిచోట్ల అక్కడే పారేస్తున్నారు.

కొత్త దారి వెతుకుతున్నవాళ్లూ లేకపోలేదు. హైదరాబాద్‌కు చెందిన ఎర్తెన్ ట్యూన్స్ అనే స్టార్టప్ గొంగడి బట్టతో బూట్లు తయారుచేస్తోంది. ముందు రైతులను దృష్టిలో పెట్టుకునే వాటిని డిజైన్ చేశారు. అయితే ఇలాంటి ప్రయత్నాలు ఎన్ని వచ్చినా నూలు వడికే చేతులు కావాలి. ఆ పని తెలిసినవాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసువాళ్లే.

చూడాలనుకుంటే..

దక్కనీ మందలకు టికెట్ కౌంటర్లు ఉండవు. పాతబస్తీ నుంచి ఫలక్‌నుమా, శంషాబాద్ మీదుగా మహబూబ్‌నగర్ రోడ్డు పడితే పాలమూరు పల్లెల్లో, లేదంటే జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నల్ల మందలు ఇంకా కనిపిస్తాయి. పగలు మంద మేతకు పోతుంది కాబట్టి పొద్దున్నే గానీ, సాయంత్రం దొడ్డికి చేరే వేళకు గానీ వెళ్లాలి. పిల్లల్ని తీసుకెళ్తే గొర్రెపిల్లల వెంట పరుగులు వద్దు, తల్లులు బెదిరి మంద చెదిరిపోతుంది. ఉన్ని కత్తిరింపు చూడాలంటే కాపరిని ముందే అడిగి పెట్టుకోవాలి, ఆ రోజు ఆయన చెప్పిందే.

గొంగడి కొనాలనిపిస్తే అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, నలిపితే పొడి అవుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. బేరం ఆడే ముందు మాత్రం ఆ పది గొర్రెల లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి.