బాస్కుల ఆశుగానము

1801వ సంవత్సరమున స్పెయిను దేశములోని గిపుస్కోవా మండలమందు విల్యాబోనా యను నూరిలో నిద్దఱు కవులు పందెము వైచికొని పాడిరి. పందెపుసొమ్ము ఐదు ఔన్సుల బంగారము. వినవచ్చినవారు నాలుగువేలమంది యని చెప్పుదురు. న్యాయనిర్ణేతలు ఉభయులును సములని తీర్పిచ్చిరి. ఇట్లు నలుగురియెదుట నప్పటికప్పుడు పద్యము కట్టి పాడువారిని బాస్కుభాషలో బెర్చొలారు లందురు. బెర్చో యనఁగా పద్యము. ఇందలి చకారమును మన ‘చలి’, ‘చాప’ శబ్దములందువలె దంత్యముగాఁ బలుకవలెను.

బాస్కులు పిరనీసు పర్వతముల పడమటికొనయందు స్పెయిను, ఫ్రాన్సు దేశములు రెంటను నివసించు ప్రాచీనజాతి. వారి భాష ఎవుస్కరా. చుట్టునున్న స్పానిషు, ఫ్రెంచి భాషలతోఁ గాని, మఱి యే జీవద్భాషతోఁ గాని దానికి చుట్టఱికము స్థాపింపఁబడలేదు. అందు విభక్తిప్రత్యయములు మన భాషయందువలె శబ్దమునకుఁ దుదినే చేరును. క్రియయుఁ దఱచుగా వాక్యాంతముననే యుండును. ఇంతమాత్రమున ద్రావిడభాషలతో సంబంధము గల్పింపఁబూనుట సాహసము. జపాను, టర్కీ భాషలకును నీ లక్షణములు కలవు. కాని బాస్కుపద్యమునకు ఈ లక్షణమే పునాది. ఒకే ప్రత్యయము మాటిమాటికిఁ బాదాంతమునకు వచ్చుటచే అంత్యప్రాస సులభముగా దొరకును. కావున ప్రాస కుదిర్చినంతమాత్రమున నచ్చట నెవ్వఁడును కవి యనిపించుకొనఁడు.

వారి ఛందములలో బహుళప్రచారము గలది సోర్చికో. సోర్చి యనఁగా ఎనిమిది గావున దీనిని అష్టకమనవచ్చును. చిన్న యష్టకమున బేసిపాదములకు 7, సరిపాదములకు 6 అక్షరములు. పెద్దదానియందు 10, 8. సరిపాదములు నాలుగింటికిని ఒకే ప్రాస యుండవలెను. గురులఘునియమము లేదు. ఒక పద్యమున నొకే ప్రాసపదమును అదే యర్థమున రెండుమాఱులు వాడుట గొప్పదోషము. దీనిని పొతో యందురు. అర్థభేద మున్నచో దోషము కాదు. మన యాలంకారికులు యమకమున కిచ్చిన యనుమతి యిట్టిదే కదా.

ఆశువుగాఁ జెప్పువాఁడు మొదటిపాదమునుండి తుదివఱకు వరుసగా నడచునని మనము తలంతుము. బెర్చొలారి యట్లు చేయఁడు. విషయ మీయఁబడినవెంటనే యతఁడు కొన్నిక్షణములు మౌనముగా నిలుచును. ఆ మౌనమున నతఁడు వెదకునది కడపటి మాట. పద్యమునకుఁ బ్రాణమైన భావమును, దానిని వహించు నాలుగవప్రాసను ముందుగా నిర్ణయించుకొని, మిగిలిన మూఁడు ప్రాసలను దాని కనుగుణముగా నేర్పఱచుకొని, పిమ్మట మొదటిపాదము నెత్తుకొనును. శ్రోతలు కడపట వినునది కవికి మొదటఁ దోఁచినదన్నమాట. ఎత్తుగడ పాదములు కొన్నివేళల పలుచఁబడి యుండుటకు హేతు విదియే. అచ్చులోఁ జదివి ‘ఇందేమున్నది?’ అని పెదవి విఱుచు విమర్శకులు ఈ మర్మమును గమనింపరు. మానువెల్ లెకువోనా యను పండితుఁడు 1935లో వెలువరించిన మౌఖికసాహిత్యగ్రంథమున, వినుటకుఁ బుట్టిన కవిత్వమును చదువుటకుఁ బుట్టినదాని కొలతతోఁ గొలువరాదని వాదించెను. ఆ వాదము న్యాయమని మాకుఁ దోఁచుచున్నది.

వాద్య మొక్కటియు నుండదు, కంఠమే యాధారము. పాడుట యిచ్చట నలంకారముకొఱకు కాదు. అక్షరములను లెక్కించునది వరుస. బెర్చొలారి వ్రేళ్లు మడచి గణింపఁడు. తనకుఁ జిరపరిచితమైన వరుసలో మాట యిముడనిచో తప్పని చెవియే చెప్పును. ఈ వరుసలలోఁ బెక్కులు పాత జానపదగీతములనుండి వచ్చినవి. విషయము విచారకరమైనచో నొకటి, పరిహాసమైనచో మఱియొకటి యెన్నుకొనుట కవి నేర్పు. ఇచ్చట నొక పొరపాటును వారింపవలెను. ఐదుమాత్రల నడకగల బాస్కు లయకును సోర్చికో యనియే పేరు. 1853లో ఇపర్రగిర్రే ప్రసిద్ధి నొందించిన గెర్నికావృక్షగీత మా లయలోనిది. మన ఖండగతిని ఎఱిఁగినవారి కది వింతగాఁ దోఁపదు. పద్యజాతియగు సోర్చికో వేఱు, లయయగు సోర్చికో వేఱు.

అష్టావధానములను జూచిన మన పండితులకు వారి పరీక్షలు కొన్ని చిరపరిచితములు. నాలుగు ప్రాసపదములను ముందుగా నిచ్చి వానితోఁ బద్యము చెప్పుమందురు. ఇది మన దత్తపదికి దగ్గఱచుట్టము. ప్రాసపదమును వారు ‘ఓయిన్’ అందురు. ఆ మాటకు అర్థము పాదము, అనఁగా అడుగు. సమస్యాపూరణమున కడపటిపాద మితరు లిత్తురు. బెర్చొలారి దానిని తానే కల్పించుకొనును. కార్చెలా, అనఁగా చెఱసాల, యను పరీక్ష మనకు లేదు. ఒకే విషయమును అందఱకు నిచ్చి, ఒకరిపాట నొకరు వినకుండ వేఱుగా నుంచి, ఒక్కొక్కని రప్పించి పాడింతురు. ధారణ మాత్రము వారికి లేదు. పాడినది పాడినట్లే గాలిలోఁ గలసిపోవును.

అందుచేతనే యీ విద్య చిరకాలము పామరుల వినోదమని త్రోసివేయఁబడినది. చిరీతా యను ప్రసిద్ధకవి తాపీపనివాఁడు; చదువను వ్రాయను ఎఱుఁగఁడు. 1935లో సాన్ సెబాస్తియాన్ నగరమున ఆయిత్సోల్ యను మతాచార్యుని ప్రేరణచే మొదటి మహాస్పర్ధ జరిగి, యువకుఁడగు బసర్రి గెలిచెను. మఱుసటియేఁడు వృద్ధుఁడగు చిరీతాకు విజయము లభించెను. కొలఁదినెలలకే యతఁడు మరణించెను. ఆ సంవత్సరమే అంతర్యుద్ధము పుట్టినది. ఆయిత్సోల్ కాల్చి చంపఁబడెను. ఫ్రాంకో పాలనలో బాస్కుభాష బడులనుండి బహిష్కృతమయ్యెను. స్పర్ధ తిరిగి జరుగుటకు 1960 రావలసివచ్చెను. 1980లో గెలిచిన షబియేర్ అమురీసా ఆశుకవిత్వము పుట్టువిద్య కాదనియు నేర్పిన వచ్చుననియు నిశ్చయించి ప్రాసనిఘంటువు కూర్చెను. ఈ విద్యకు నేఁడు పాఠశాలలు కలవు.

1452 నాఁటి బిస్కాయ ధర్మశాసనము పరనిందాగీతములు కట్టి పాడు స్త్రీలను శిక్షార్హులనుగాఁ బేర్కొన్నది. 2009లో మాయాలెన్ లుహాంబియో యను స్త్రీ ఈ మహాస్పర్ధయందు మొదటిసారిగా నెగ్గెను. 2017, 2022లందును ఆమెయే విజేత్రి. సభికులు పదివేలకు మించి యుందురు. కడపటిపాదము సమీపింపఁగా వారు రానున్న ప్రాసను ముందే పసిగట్టి, కవితోఁ గలసి తామును దానిని పాడుదురు.