సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదా? టోయింగ్‌కి ఫోన్ చేసేముందు కీ చెక్ చేయండి

రిమోట్ నొక్కితే డోర్లు తెరుచుకుంటాయి. సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఒక్క సెకను అందుకుని ఆగిపోతుంది. మీటర్‌లో కీ బొమ్మ ఉన్న చిన్న లైట్ బ్లింక్ అవుతూనే ఉంటుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే పెట్రోల్ మీద, ప్లగ్‌ల మీద అనుమానం తర్వాత పెట్టుకోవచ్చు. కారు మిమ్మల్ని దొంగ అనుకుంటోంది, అంతే. ఆ పని చేసేది ఇమ్మొబిలైజర్. మారుతీ వాళ్లు దీన్నే ఐక్యాట్స్ అంటారు.

హైదరాబాద్‌లో అయితే ఒక ఫోన్ కొడితే సర్వీస్ వాళ్లు వస్తారు. చండ్రుగొండలో కథ వేరు. కంపెనీ సర్వీస్ సెంటర్ కావాలంటే కొత్తగూడెమో ఖమ్మమో పోవాలి. మధ్యలో అడవి రోడ్డు, ఫోన్ సిగ్నల్ ఎక్కడ ఉంటుందో ఎక్కడ పోతుందో చెప్పలేం. అర్ధరాత్రి ఎవరినైనా హాస్పిటల్‌కి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు కారు ఇలా మొండికేస్తే పరిస్థితి ఊహించుకోండి. అందుకే ఈ సిస్టమ్ ఎలా పనిచేస్తుందో కాస్త తెలిసి ఉండాలి.

మీ కీలో నిజానికి రెండు వేర్వేరు గాడ్జెట్లు ఉంటాయి. ఒకటి డోర్లు తెరిచే రిమోట్. దానికి బ్యాటరీ కావాలి. రెండోది ట్రాన్స్‌పాండర్ చిప్. మామూలు తిప్పే కీలో దీనికి బ్యాటరీతో పనే లేదు. ఇగ్నిషన్ లాక్ చుట్టూ ఒక కాయిల్ ఉంటుంది, ఎక్కువ కార్లలో అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. కీ పెట్టి తిప్పగానే ఆ కాయిల్ నుంచే చిప్‌కి పవర్ అందుతుంది, వైర్‌లెస్ ఛార్జింగ్ లాగా. కారు ఒక ప్రశ్న పంపుతుంది, చిప్ జవాబిస్తుంది. జవాబు సరిపోతే ఈసీయూ ఇంజిన్‌కి ఫ్యూయల్ వదులుతుంది, లేకపోతే ఆపేస్తుంది. కొన్ని కార్లలో సెల్ఫ్ కూడా తిరగనివ్వదు. కాబట్టి డోర్లు తెరుచుకుంటున్నాయి కదా, కీ బాగానే ఉందని అనుకోవడం కరెక్ట్ కాదు.

దీనికి మంచి ఉదాహరణ మా బాబాయి కారు. చండ్రుగొండలో ఇంటి ముందు వారం రోజులు కదల్లేదు. రిమోట్ బటన్లు అరిగిపోయాయని, వేరే పని మీద బస్సులో టౌన్‌కి వెళ్లినప్పుడు ఓ షాపులో కీకి కొత్త షెల్ వేయించాడు. తిరిగొచ్చాక డోర్లు తెరుచుకున్నాయి, ఇంజిన్ మాత్రం అందుకోలేదు. చూసిన మెకానిక్ "ఈసీయూ పోయింది, మార్చాలి" అన్నాడు. ఈసీయూ అంటే వేలల్లో ఖర్చు. నేను ఫోన్‌లో అడిగింది ఒక్కటే: "బాబాయ్, రెండో కీ ఎక్కడుంది?" అది హైదరాబాద్‌లో చెల్లెలి దగ్గర ఉంది. బస్సు పార్సిల్‌లో తెప్పించారు, మొదటి సెల్ఫ్‌కే బండి స్టార్ట్ అయింది. పాత షెల్ అదృష్టవశాత్తు పారేయలేదు. విప్పి చూస్తే బియ్యపు గింజ కన్నా కాస్త పెద్ద గాజు గొట్టం అందులోనే ఉండిపోయింది. అదే చిప్. షాపతను రిమోట్ సర్క్యూట్ మార్చాడు గానీ దాన్ని మార్చలేదు.

అందుకే నా దృష్టిలో మొదటి టెస్ట్ రెండో కీనే. దానితో స్టార్ట్ అయితే గొడవ మొదటి కీలో ఉన్నట్టు. రెండు కీలతోనూ అదే తీరు అయితే కాయిల్, వైరింగ్, ఈసీయూ వైపు చూడాలి. ఇంకోటి, కీ గుత్తిలో బైక్ కీ, వేరే కారు చిప్ కీ, ఇనుప రింగులు ఉంటే అవన్నీ తీసేసి ఒక్క కీతో ట్రై చేయండి. పక్కనే ఇంకో చిప్ ఉంటే కాయిల్ కన్‌ఫ్యూజ్ అవుతుంది.

లైట్ చదవడం కూడా తెలియాలి. కారు లాక్ చేసి ఉన్నప్పుడు ఎర్ర లైట్ బ్లింక్ అయితే అది చాలా కార్లలో మామూలే, కాపలా కాస్తోందని అర్థం. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా బ్లింక్ అయితేనే కీని గుర్తుపట్టలేదని. అసలు సెల్ఫ్ తిరక్కుండా టక్ టక్ మని, మీటర్ లైట్లు డల్ అయితే అది 12 వోల్టుల బ్యాటరీ గొడవ, ముందు జంప్ స్టార్ట్ చేసి చూడండి. సెల్ఫ్ జోరుగా తిరుగుతూ కీ లైట్ మామూలుగా ఉంటే ఫ్యూయల్ పంపు, క్రాంక్ సెన్సర్ చూడాలి. ఏదైనా సరే, సెల్ఫ్‌ని ఐదు సెకన్లకి మించి పట్టి ఉంచొద్దు, ఉన్న బ్యాటరీ కూడా పోతుంది.

పుష్ బటన్ కార్లలో "కీ కనబడట్లేదు" అని మెసేజ్ వస్తే చాలాసార్లు కారణం రిమోట్‌లోని కాయిన్ సెల్. ఎక్కువగా వాడేది సీఆర్2032, కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. అది దొరికేలోపు బ్రేక్ (మాన్యువల్ అయితే క్లచ్ కూడా) తొక్కి, రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కండి. మారుతీ, హ్యుందాయ్, టొయోటా లాంటి కంపెనీల చాలా మోడళ్లలో ఇది పనిచేస్తుంది. సెల్ చచ్చినా లోపలి చిప్ దగ్గర నుంచి పవర్ లాక్కుంటుంది కాబట్టి. కొన్ని కార్లలో ఆనించే చోటు వేరే ఉంటుంది, మాన్యువల్‌లో ఒకసారి చూసి పెట్టుకోండి.

బయట బిగించిన సెంట్రల్ లాక్, అలారం, జీపీఎస్ ట్రాకర్ ఉన్న కార్లది వేరే తలనొప్పి. వీటిలో చాలావాటికి ఇగ్నిషన్ వైరునో ఫ్యూయల్ పంపు వైరునో కోసి మధ్యలో రిలే పెడతారు. ఆ రిలే చెడితే కంపెనీ కీ లైట్ అంతా ఓకే అంటుంది, బండి మాత్రం కదలదు. స్టీరింగ్ కింద నల్ల టేపు చుట్టిన అతుకులు కనిపిస్తే, బిగించినవాళ్లనే ముందు పిలవండి.

మన సైట్ చదివేవాళ్లలో ఓబీడీ డాంగిల్ ఉన్నవాళ్లు ఉంటారు. పీ0513 కోడ్ వస్తే ఇమ్మొబిలైజర్ కీ తప్పని అర్థం. కోడ్ రాలేదని మాత్రం క్లీన్ చిట్ ఇవ్వకండి, చవక డాంగిళ్లు ఇంజిన్ కోడ్లే చదువుతాయి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు లైవ్ డేటాలో ఆర్‌పీఎం సున్నా చూపిస్తే అనుమానం క్రాంక్ సెన్సర్ మీదకి వెళ్లాలి.

యూట్యూబ్‌లో ఇగ్నిషన్ పది నిమిషాలు ఆన్‌లో పెట్టే ట్రిక్ ఒకటి తిరుగుతుంటుంది. అది జనరల్ మోటార్స్ పాత అమెరికన్ కార్లది. మన స్విఫ్ట్‌కి, ఐ20కి అది చేస్తే బ్యాటరీ దిగడం తప్ప ఏమీ జరగదు. "ఇమ్మొబిలైజర్ పీకేస్తా" అనే మెకానిక్ మాట కూడా వినొద్దు. అమెరికాలో కియా, హ్యుందాయ్ చాలా మోడళ్లని ఇది లేకుండానే అమ్మాయి. 2021, 2022లో పిల్లలు యూఎస్‌బీ కేబుల్ కొనతో ఆ కార్లు స్టార్ట్ చేసి టిక్‌టాక్‌లో పెట్టారు. చివరికి 2023లో సుమారు 83 లక్షల కార్లకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రకటించాల్సి వచ్చింది.

కొత్త కీ ప్రోగ్రామ్ చేయించాల్సి వస్తే ఆర్సీ, ఐడీతో పాటు ఇంట్లో ఉన్న కీలన్నీ తీసుకెళ్లండి. చాలా కార్లలో ప్రోగ్రామింగ్ అప్పుడు పాత కీల జాబితా చెరిగిపోతుంది, ముందు పెట్టని కీ మళ్ళీ పనిచేయదు. కారుతో వచ్చిన చిన్న కీ నంబర్ ట్యాగ్ ఇంట్లో దాచండి, గ్లవ్ బాక్స్‌లో వద్దు.