రెండుంబావు నుంచి మూడుంబావు దాకా

తెలుగు సినిమా సమీక్షల్లో రేటింగులు ఎక్కువగా రెండుంబావుకూ మూడుంబావుకూ మధ్యనే తిరుగుతుంటాయి. ఐదుకు ఒకటి వేయడానికి మొహమాటం, నాలుగున్నర వేయడానికి అనుమానం. నిర్మాతను ఒడ్డున పడేసిన సినిమా అయినా, ముంచేసిన సినిమా అయినా ఆ ఒక్క మార్కు ఇరుకులోనే సర్దుకోవాలి. అందుకే అంకె చూసి సినిమా ఎలాంటిదో తెలుసుకోవడం కష్టం. అంకె కింద రాసిన నాలుగు ముక్కలు చదివితే కొంత తెలుస్తుంది. కొన్నేళ్లుగా వచ్చిన సినిమాలపై వెలువడిన సమీక్షలను వరసపెట్టి చూస్తే, ఒక్కో రకం సినిమాకు విమర్శకులు ఒక్కో తూకంరాయి వాడుతున్నట్టు కనిపిస్తుంది.

ఈ తేడా తెలియడం పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, రామచంద్రాపురం, సంగారెడ్డి వైపు ప్రేక్షకుడికి డబ్బుతో ముడిపడిన సంగతి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు సినిమా అంటే టికెట్టు ఒక్కటే కాదు, నిద్ర కూడా. మూడు గంటల సినిమాకు సెకండ్ షోకు వెళ్లి ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది, పొద్దున ఆరింటికల్లా కంపెనీ గేటు దగ్గర ఉండాలి. తెలంగాణలో 2021 డిసెంబరు ఉత్తర్వు టికెట్టు గరిష్ఠ ధరను ఏసీ సింగిల్ స్క్రీన్‌లో 150 రూపాయలుగా, మల్టీప్లెక్స్ సాధారణ సీటుకు 250గా పెట్టింది, పన్నులు అదనం. పెద్ద సినిమా వచ్చినప్పుడు ప్రత్యేక అనుమతితో ఇవి పెరుగుతూ వచ్చాయి. 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ప్రీమియర్లకు ఒక్కో టికెట్టుపై 800 రూపాయలు అదనంగా తీసుకోనిచ్చారు. మనిషికి వెయ్యి దాటింది. నలుగురున్న ఇంటికి అది నెల సరుకుల లెక్కలోకి పోతుంది.

సమీక్ష ఒకప్పుడు ఇంత తొందరగా వచ్చేది కాదు. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సినిమాల మీద రాసిన రోజుల్లో పాఠకుడు పత్రిక వచ్చేదాకా ఆగేవాడు. 'విజయచిత్ర', 'సితార' లాంటి పత్రికల కాలంలోనూ అంతే. దశాబ్దాల పాటు సినిమా సమీక్షలు రాసి 2022లో కన్నుమూసిన గుడిపూడి శ్రీహరి తరం సినిమాను చూసి, ఇంటికెళ్లి, ఆలోచించుకుని రాసింది. ఇప్పుడు అమెరికా ప్రీమియర్ అయిపోయేసరికి ఇక్కడ తెల్లవారదు. ఫస్టాఫ్ మీద ఒక మాట, ఇంటర్వెల్‌లో ఒక మాట, శుభం కార్డు పడిన గంటకు పూర్తి సమీక్ష. కథ, నటీనటులు, టెక్నికల్ టీమ్, ప్లస్, మైనస్, ఆఖర్న తీర్పు అని అచ్చు పోసిన గళ్లలో అది సర్దుకుంటుంది. ఫొటోగ్రఫీ బాగుంది, ఎడిటర్ కత్తెరకు పదును పెట్టాల్సింది, నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి అనే మూడు వాక్యాలు ఏ సినిమాకైనా అతుకుతాయి. వాటిని దాటుకుని చదవడం పాఠకులకు ఈపాటికి అలవాటైపోయింది.

భారీ సినిమాల దగ్గర విమర్శకులు ముందు చూసేది కొత్త లోకాన్ని నిలబెట్టారా లేదా అన్నది. 2024 జూన్ 27న వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో కురుక్షేత్ర దృశ్యాలు, అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్, చివరి అరగంట దాదాపు అందరినీ మెప్పించాయి. ఫస్టాఫ్ నడక నెమ్మదించిందనీ, ప్రభాస్ పాత్రకు పెట్టిన హాస్యం పండలేదనీ కూడా చాలామంది రాశారు. 'దేవర'పై వచ్చిన ఫిర్యాదు వేరు. ఎన్టీఆర్ నటననూ సముద్రం మీది యాక్షన్‌నూ మెచ్చుకున్నవాళ్లే, కథను రెండో భాగానికి దాచిపెట్టి ఇక్కడ సగంలో ఆపేశారని అన్నారు. రెండు భాగాల సినిమాలు పెరిగాక ఈ మాట తరచూ వినిపిస్తోంది. పూర్తి టికెట్టు కొన్నవాడికి సగం కథ చూపించడం న్యాయమేనా అన్న ప్రశ్నను విమర్శకులు ఇంకా గట్టిగా అడగాల్సి ఉంది.

'పుష్ప 2' నిడివి మూడు గంటల ఇరవై నిమిషాలు. గంగమ్మ జాతరలో చీర కట్టి, ఒంటికి రంగు పూసుకుని అల్లు అర్జున్ ఆడిన ఘట్టాన్ని పొగడని సమీక్ష దొరకడం కష్టం. కానీ మొదటి భాగంలో అంత పదునుగా కనిపించిన షెకావత్ పాత్రను ఇందులో నవ్వులపాలు చేశారన్నది, సన్నివేశాలు విడివిడిగా పేలినా కథగా అతుక్కోలేదన్నది విమర్శకుల అసంతృప్తి. నిడివి ఎక్కువైందన్న మాట చాలామందిది. అయితే 2025 జనవరిలో నిర్మాతలు దానికి మరో ఇరవై నిమిషాలు కలిపి మళ్లీ విడుదల చేశారు! ఈ విమర్శలు చేరని ప్రేక్షకులూ ఉన్నారు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో బీహార్, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన కార్మికులు వేలల్లో ఉన్నారు. తెలుగు పత్రికల్లో వచ్చే సమీక్ష వాళ్ల దాకా చేరేది కాదు. ఈ సినిమా హిందీ రూపం తెలుగును మించి వసూలు చేసిందన్న సంగతిని గుర్తుపెట్టుకుంటే, తెలుగు విమర్శకుడి మాటకున్న హద్దు అర్థమవుతుంది.

పండగ సినిమాల దగ్గర తూకం మరీ విచిత్రంగా ఉంటుంది. 2024 జనవరి 12న 'గుంటూరు కారం', 'హను-మాన్' ఒకేరోజు వచ్చాయి. మహేశ్‌బాబు హుషారును మెచ్చుకుంటూనే త్రివిక్రమ్ కథలో పట్టు లేదని విమర్శకులు తేల్చారు. థియేటర్ల కోసం వెతుక్కోవాల్సి వచ్చిన 'హను-మాన్' తక్కువ ఖర్చులో చూపిన గ్రాఫిక్స్‌కు మంచి మార్కులు పడ్డాయి. ఆ తర్వాత దానికి జాతీయ అవార్డులు కూడా దక్కాయి. మరుసటి సంక్రాంతికి శంకర్ 'గేమ్ ఛేంజర్' కాలం చెల్లిన కథనమన్న మాట పడింది. అందులో అప్పన్న ఫ్లాష్‌బ్యాక్ ఒక్కటే చాలామందికి నచ్చింది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం'ను విమర్శకులు మహా కావ్యమనేమీ అనలేదు. కథ పల్చన, కిడ్నాప్ వ్యవహారంలో లాజిక్ వెతక్కూడదు అన్నారు. కానీ వెంకటేశ్ కామెడీ, పిల్లాడు బుల్లిరాజు అల్లరి నవ్వించాయని ఒప్పుకున్నారు. ఆ సీజన్‌లో జనం పట్టం కట్టింది దానికే. ఇంటిల్లిపాదీ వెళ్లే సినిమాకు ఎవరూ ఇబ్బంది పడకపోవడమే పెద్ద అర్హత. ఆ అర్హతను రేటింగులో ఏ గడిలో వేయాలో సమీక్షకులకు ఇప్పటికీ తేలలేదు.

చిన్న సినిమాల దగ్గరకు వచ్చేసరికి వాళ్ల కలం మెత్తబడుతుంది. 2024లో వచ్చిన '35: చిన్న కథ కాదు' తిరుపతిలో ఒక బస్సు కండక్టరు కుటుంబం కథ. సున్నాకు విలువ లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని పిల్లాడు అడుగుతాడు. లెక్కల్లో సున్నా తెచ్చుకున్న ఆ పిల్లాణ్ని మాస్టారు మార్కు పేరుతోనే పిలుస్తుంటాడు. పదో తరగతి తప్పిన తల్లి వాడికి లెక్కలు నేర్పడానికి తానే నేర్చుకుంటుంది. తల్లి పాత్ర వేసిన నివేదా థామస్‌కు తెలంగాణ గద్దర్ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ నటి పురస్కారం దక్కింది. నడక నిదానమన్న ఒక్క మాట తప్పితే విమర్శకులు తప్పులు ఎంచలేదు. మార్చి 2025లో వచ్చిన 'కోర్ట్' కూడా అలాగే నిలబడింది. పందొమ్మిదేళ్ల అబ్బాయిపై పోక్సో కేసు పెట్టి పరువు నిలుపుకోవాలనుకునే మంగపతిగా శివాజీ నటనను అందరూ ప్రత్యేకంగా ప్రస్తావించారు. కోర్టు పద్ధతుల విషయంలో తీసుకున్న స్వేచ్ఛను కొందరు ఎత్తిచూపినా, చట్టం గురించి సామాన్యుడికి తెలియజెప్పినందుకు ఆ లోపాన్ని మన్నించారు. ఎంసెట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ చుట్టూ నడిచిన 'లిటిల్ హార్ట్స్'కు ఆ అవసరం కూడా రాలేదు. నవ్వించింది, మెచ్చుకున్నారు.

భయపెట్టే, ఉత్కంఠ రేపే సినిమాల్లో విమర్శకుల కొలత చాలా సూటిగా ఉంటుంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 'విరూపాక్ష'కు రుద్రవనం ఊరి వాతావరణం, నేపథ్య సంగీతం, కెమెరా బలమయ్యాయి. ముడి విప్పే చోట వివరణ ఎక్కువైందన్నది కొందరి అభ్యంతరం. 2024 దీపావళికి వచ్చిన 'క'ను పతాక సన్నివేశం కాపాడింది. అదేరోజు వచ్చిన 'లక్కీ భాస్కర్' భయపెట్టే కథ కాకున్నా ఉత్కంఠలో దానికి తీసిపోలేదు. బొంబాయిలో బ్యాంకు క్యాషియరు చేసే చేతివాటాన్ని వెంకీ అట్లూరి సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పాడని మెచ్చుకున్నారు. నేరం చేసినవాడు అంత తేలిగ్గా ఒడ్డెక్కడం గురించి అడిగినవాళ్లు కొద్దిమందే. జీతం చాలని మనిషి మీద జాలి విమర్శకులకూ ఉంటుంది.

ప్రేమకథల దగ్గరే విమర్శకులకూ థియేటర్లో కుర్రాళ్లకూ పడదు. 'బేబీ' 2023 జులైలో వచ్చినప్పుడు అమ్మాయి పాత్రను చూపిన తీరు మీద, తిట్ల మీద, దాదాపు మూడు గంటల నిడివి మీద గట్టి అభ్యంతరాలు వచ్చాయి. కాలేజీ కుర్రాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ చూశారు. 2025లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో దాని స్క్రీన్‌ప్లేకు పురస్కారం వచ్చింది. అవార్డు వచ్చింది కనుక అభ్యంతరాలు తప్పని అనుకోనక్కరలేదు. జ్యూరీ చూసింది కథ అల్లిక, విమర్శకులు అడిగింది ఆ అల్లికలో అమ్మాయికి మిగిలిందేమిటని. 2025 నవంబరులో రాహుల్ రవీంద్రన్ తీసిన 'ది గర్ల్‌ఫ్రెండ్' ఆ రెండో ప్రశ్ననే కథావస్తువుగా తీసుకుంది. ప్రేమ పేరుతో పెత్తనం చేసే కుర్రాడిని వెనకేసుకు రాకుండా చూపించినందుకు, రష్మిక నటనకు మంచి పేరు వచ్చింది.

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతానికి దగ్గరగా వచ్చే మాట నేటివిటీ. 'బలగం' 2023 మార్చి 3న విడుదలైనప్పుడు అందులో పెద్ద హీరో లేడు. సిరిసిల్ల వైపు పల్లెలో ఒక ముసలాయన చనిపోతాడు, మూడోరోజు, ఐదోరోజు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఇంటి అల్లుడు అత్తారింటి గడప తొక్కక ఇరవై ఏళ్లు. కారణం విందులో నల్లిబొక్క దగ్గర వచ్చిన మాటా మాటా. చిన్న బొక్క ముక్క కోసం బంధుత్వం తెగడం విడ్డూరంగా వినిపించవచ్చు గానీ మెదక్ పల్లెల్లో పెరిగినవాళ్లకు అందులో వింతేమీ లేదు. కమెడియన్‌గా తెలిసిన వేణు ఎల్దండి దర్శకుడిగా తొలి సినిమాలోనే ఇంత పట్టు చూపడం విమర్శకులను ఆశ్చర్యపరిచింది. యాస ఎక్కడా హాస్యానికి వాడుకోలేదన్నది వాళ్లు మెచ్చిన మరో సంగతి. ఊళ్లలో తెరలు కట్టి జనం కలిసి చూశారు. 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. 'బలగం' వచ్చిన నెలలోనే విడుదలైన 'దసరా'లో సింగరేణి బొగ్గు మసి, నాని యాస, ఇంటర్వెల్ దగ్గరి ఘట్టం మెప్పు పొందాయి. సెకండాఫ్ మామూలు పగ కథగా మారిందన్న నిరాశ కూడా వినిపించింది.

కానీ నేటివిటీ అనగానే విమర్శకుడి కంటికి పల్లెటూరే కనిపిస్తుంది. సంగారెడ్డి, పటాన్‌చెరు మధ్య ముంబై హైవే పొడవునా ఉన్నది పల్లె కాదు, పూర్తి పట్నం కూడా కాదు. పొలం అమ్మి ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఆ ఇంట్లో గదులు అద్దెకు తీసుకున్న కార్మికులు, బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ ఉద్యోగులు, ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, కంది ఐఐటీ విద్యార్థులు, నక్కవాగు కాలుష్యంపై ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన రైతులు, 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా కర్మాగారంలో పేలుడుకు అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు... కథలకు కొదవ లేదు. తెర మీద మాత్రం కర్మాగారం అంటే ఎక్కువగా ఫైటు జరిగే పాడుబడ్డ షెడ్డే. విషవ్యర్థాలు వదిలే విలన్ 'అఖండ' లాంటి సినిమాల్లో ఉన్నాడు గానీ ఆ నీళ్లు తాగినవాళ్లు హీరో వచ్చి కాపాడేదాకా ఎదురుచూసే గుంపుగానే మిగిలారు. ఈ లోటును సమీక్షలు పట్టించుకోవు, ఉన్న సినిమానే తూస్తాయి.

వెనకటికి ఇలాంటి మనుషుల కథలను తెరమీదికి తెచ్చినవాడు ఉమ్మడి మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి.నర్సింగరావు. గడీలో బతికిన దాసి కథను ఆయన 'దాసి'గా తీస్తే ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. 1990లో తీసిన 'మట్టి మనుషులు' పల్లె నుంచి హైదరాబాద్‌కు కూలికి వచ్చిన భవన నిర్మాణ కార్మికుల బతుకు. మాస్కో చిత్రోత్సవం దాకా వెళ్లింది, విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. మన థియేటర్లలో మాత్రం జనం చూసింది తక్కువ. 'పుష్ప 2'కు జరిగిన దానికి ఇది పూర్తిగా తిరగేసిన కథ.

రేటింగుల చుట్టూ గొడవలు ఈమధ్య ముదిరాయి. 'గుంటూరు కారం'కు టికెట్ల యాప్‌లో కావాలని తక్కువ మార్కులు వేయించారనీ, 'ఫ్యామిలీ స్టార్'పై పనిగట్టుకుని దుష్ప్రచారం చేశారనీ 2024లో సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదులు వెళ్లాయి. అదే ఏడాది తమిళ నిర్మాతల సంఘం ఒకటి, సినిమా వచ్చిన తొలి మూడు రోజులు సమీక్షలను ఆపాలని మద్రాసు హైకోర్టును అడిగింది. కోర్టు అందుకు ఒప్పుకోలేదు. నిర్మాతల బాధలో నిజం లేకపోలేదు, డబ్బిచ్చి తిట్టించేవాళ్లున్నారు. డబ్బిచ్చి పొగిడించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మీద మాత్రం ఫిర్యాదులు వెళ్లిన దాఖలా కనిపించదు. మూడు రోజులు ఆగమంటే ప్రేక్షకుడు ఎక్కువ ధర పెట్టే ఆ మూడు రోజులూ కళ్లు మూసుకుని కొనమన్నట్టే. సాధారణంగా వారం పది రోజులు దాటితే పెంచిన ధర దిగుతుంది, అప్పటికి సమీక్షలూ పది దాకా పోగవుతాయి.