కూడు – బువ్వ – అన్నము

మరిపెడ ప్రాంతపు పల్లెలలో పెద్దలు "బువ్వ తిన్నవా" యని పలుకరింతురు. చదువుకొన్నవారు దానిని "అన్నము" అని దిద్దుదురు. "కూడు" అన్నచో నుభయులకును కోపము వచ్చును. ఒక్క వస్తువునకే యేర్పడిన ఈ మూడు పేర్లలో నొకటి పెద్దమనుష్యుల మాటయు, నొకటి కోస్తా జిల్లాలలో పసిపిల్లల మాటయు, నొకటి తిట్టును అగుట చిత్రము.

వీనిలో తిట్టుగ మారినదియే ప్రాచీనము. కూడు అచ్చమైన దేశ్యపదము. తమిళులు దీనిని 'కూఴ్' అందురు; జావవంటి ఆహారమని యర్థము. పాతకన్నడమునందును ఈ మాట కలదు. తమిళుల 'ఏఴు' మనకు ఏడు, వారి 'కోఴి' మనకు కోడి యైనట్లే, వారి 'కూఴ్' మనకు కూడైనది. ఆ యక్షరమునకు మన తొలి శాసనములందు ప్రత్యేకచిహ్నమే యుండెను. నేడు పిండాకూడు, దండుగకూడు అను నిందలలోనే యీ పదమెక్కువగ వినబడుచున్నది. ఐనను కూడుగుడ్డలనునపుడును, పొట్టకూటికి వలసపోయెననునపుడును ఎవ్వరును దీనిని దిద్దరు; ఆకలి మాటలాడునపుడు సంస్కృతము నోటికి రాదు కాబోలు!

అన్నము సంస్కృతపదము. తినుట యను అర్థముగల 'అద్' ధాతువునుండి పుట్టినది. తినబడునదియు, ప్రాణులను తినునదియు అన్నమేయని తైత్తిరీయోపనిషత్తు నిర్వచించెను. అందు ఏ ధాన్యమను ప్రశ్నయే లేదు. అమరసింహుడు దీనిని ఓదన, భక్త శబ్దముల సరసన నుంచెను. భక్తమనగా పంచియిచ్చిన పాలు. హిందీ, వంగభాషలలోని భాతు దాని రూపాంతరమే.

ఇంత విశాలమైన పదము తెలుగునాట వరికి కట్టుబడిపోయెను. జొన్నను వండిన గటక, అంబలి యగును. అన్నమనిపించుకొనవలెనన్న 'జొన్నన్నము' అని విశేషణము తగిలింపవలెను. ఆంగ్లమున 'మీట్' అను మాట యొకప్పుడు సమస్తాహారమునకును పేరై, పిదప మాంసమునకే మిగిలినట్లిదియు సంకుచితమైనది. పలనాటి జొన్నకూటిని పరిహసించు చాటువులు శ్రీనాథుని పేర నేటికిని చెల్లుచున్నవి. కవి యెవరైనను, చులకన మాత్రము సన్నబియ్యపువారిదే.

మాటవలన నేమి పోయెననువారు కలరు. పండుగకు మాత్రమే వరియన్నము చూచిన ఇండ్లకు 1983 నాటి కిలో రెండు రూపాయల బియ్యము గొప్ప మేలు చేసెను. దానిని తక్కువచేయుట మా అభిమతము కాదు. కాని 2013 నాటి జాతీయ ఆహారభద్రతాచట్టము బియ్యమునకు మూడు రూపాయలు, గోధుమలకు రెండు, జొన్న సజ్జలు చేరిన వర్గమునకు ఒక్క రూపాయి ధర గట్టి, ఆ వర్గమునకు 'ముతక ధాన్యములు' అని పేరు పెట్టెను. ముతకయని పిలిచినదానిని వడ్డించుకొనుట కెవరు ముందుకు వత్తురు? 2018లో కేంద్రప్రభుత్వము దిద్దుకొని 'పౌష్టిక ధాన్యములు' అనెను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించెను. ఇంత జరిగినను, 2025 ఉగాదినాడు తెలంగాణ ప్రభుత్వము హుజూర్‌నగరున ప్రారంభించినది సన్నబియ్యపు పంపిణీయే. జొన్న రైతునకు బిరుదు దక్కెను, బేరము దక్కలేదు.

మరిపెడ చుట్టుపట్ల లంబాడీ తండాలలో జొన్నరొట్టెను 'బాటి' యందురు. రాజస్థానమున అది గోధుమపిండి యుండకు పేరు. ధాన్యము మారినను వారు పేరు మార్చలేదు, ఆ పేరు పలుకుటకు సిగ్గుపడను లేదు.