మీకు తెలుసా? క్రియాటినిన్ ఒకటే... కిడ్నీల లెక్క వేరు!

కర్నూలు శనగ చేలల్లో కూలికెళ్లే 70 ఏళ్ల అవ్వకూ, కడపలోని 25 ఏళ్ల కుర్రాడికీ రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.0 వచ్చిందనుకోండి. 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంలో వయసు, ఆడ-మగ తేడా కలిపి లెక్కిస్తే, కిడ్నీల వడపోత అంచనా (ఈజీఎఫ్‌ఆర్‌) కుర్రాడికి నిమిషానికి దాదాపు 107 మిల్లీలీటర్లు, అవ్వకు 61 మాత్రమే!

ఈజీఎఫ్‌ఆర్‌ మూడు నెలలకు మించి 60 కన్నా తక్కువుంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బే.

క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. అందుకే బక్కచిక్కినవారిలో అది తక్కువగా కనిపించి జబ్బును కప్పేయవచ్చు. అలాంటివారికి కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్‌-సి పరీక్షను జోడిస్తే మెరుగైన అంచనా దొరుకుతుంది.

బీపీ, షుగర్‌ ఉన్నవారు ఏటా ఈజీఎఫ్‌ఆర్‌తోపాటు మూత్రంలో ఆల్బుమిన్‌ కూడా తప్పక చూపించుకోవాలి.